నీలం పిస్తోలు

నెడ్రా ఎడమ చేత్తో చొక్కా అంచు పట్టి ఛాతీ దాకా గుంజింది. కుడి చెయ్యి నడుము మీది ఒరలోకి దిగి, పిడిని అందుకుని, పిస్తోలును నిలువునా పైకి లాగింది. రెండు చేతులూ రొమ్ము ముందు కలిశాయి, కలిసి ముందుకు సాగాయి, ట్రిగ్గర్ టిక్కుమంది. పిస్తోలు ఖాళీది. ఎదుటి గోడకు గ్యాసు కంపెనీవాళ్లు ఇచ్చిన క్యాలెండరు వేలాడుతోంది, అందులో ఒక ఎర్ర గుర్రం వాగులో నీళ్లు తాగుతోంది. ఆ గుర్రం భుజం మీద హాస్కెల్ అతికించిన తెల్ల బిళ్లే ఆమెకు గురి.

“చొక్కా పూర్తిగా పైకి రాలేదు,” అన్నాడు హాస్కెల్ మంచం అంచున కూర్చుని. “మడత ఇరుక్కుంటే ఏం చేస్తావు? కాస్త ఆగు బాబూ, బట్టలు సవరించుకుంటాను అంటావా?”

“నువ్వు పక్కనుంటే వాడే ఆగుతాడులే. నీ పాఠం వింటూ అక్కడే నిద్రపోతాడు.”

“వేళాకోళం కాదు. మళ్లీ.”

మళ్లీ చొక్కా, మళ్లీ పిడి, మళ్లీ టిక్కు. ఆ టిక్కుమన్న చప్పుడు ఇప్పుడు నెడ్రా కలల్లోకి కూడా వస్తోంది. ఆమె ఇళ్లకు వెళ్లి రోగులకు కట్లు మార్చే నర్సు. పగలంతా వాగు వెంబడి కంకర రోడ్ల మీద కారు నడుపుతుంది. ఆ రోడ్డు మీద ఒక తెల్ల ట్రక్కు రెండుసార్లు ఆమె వెనకే వచ్చింది. ఆమె ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. షెరీఫు ఆఫీసు పోలీసులు నంబరు చూశావా అని అడిగారు. బురద కొట్టుకున్న పలకలో నంబరు ఎక్కడ కనిపిస్తుంది? అప్పటినుంచి ఆమె అద్దంలో వెనక్కి చూడకుండా ఒక్క మలుపు తిరగలేదు, రోగి కాలికి కట్టు కడుతున్నా చెవి కిటికీ బయటే ఉంటుంది. హాస్కెల్ అదే షెరీఫు ఆఫీసులో డిప్యూటీగా చేసి రిటైరైనవాడు. ఊరి తుపాకి క్లబ్బులో, పాత సున్నపురాయి క్వారీలో, మనిషి తన వెంట పిస్తోలు ఉంచుకుని ఎలా మసలాలో నేర్పే క్లాసు నడుపుతాడు. ఇలాంటి భర్త ఉన్న ఆడది ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

అతను నేర్పేటప్పుడు ముందుగా వల్లె వేయించేది నియమాలే. పిస్తోలు ఖాళీ చెయ్యాలి. ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా తడమాలి. తూటాలు వేరే గదిలో ఉంచాలి. గురి వెనక తూటాను ఆపగల గోడ ఉండాలి. సాధన ముగిశాక గురి పీకేసి, “సాధన అయిపోయింది” అని గట్టిగా పైకి అనాలి. అన్నాక ఆ రోజుకి మళ్లీ ఒర వైపు చెయ్యి పోకూడదు. మనసులో అనుకుంటే కుదరదు, ఎందుకంటే చేతికి బుద్ధి లేదు, చెవికి వినిపిస్తేనే అది ఆగుతుంది. ఈ మాట అతను క్లాసులో ఎన్ని ఏళ్లుగా చెబుతున్నాడో, ఊళ్లో సగంమంది ఇంట్లో కుళాయి కట్టేసి కూడా నవ్వుతూ “సాధన అయిపోయింది” అంటారు.

రోజూ వాళ్లు నేలమాళిగలో సిమెంటు గోడ ముందు చేసేవారు. ఆ వారం వానలకు కిందికి నీళ్లొచ్చాయి. “ఈ ఒక్క పూటకీ వెనక గదిలో కానిద్దాం, ఉత్త సాధనే కదా,” అన్నది హాస్కెలే. వెనక గది గోడ చెక్క గోడ.

“సరే, ఇద్దరం కలిసి తీద్దాం,” అంటూ అతను లేచి, తన పిస్తోలు కూడా ఖాళీ చేసి ఆమె పక్కన నిలబడ్డాడు. ఎంత వేగంగా తీశారో కొలిచే చిన్న యంత్రం మంచం మీదినుంచి కూతపెట్టింది. రెండు చొక్కాలు లేచాయి, రెండు టిక్కులు వినిపించాయి. ముందు వినిపించింది నెడ్రాది.

“నీది చిన్న పిస్తోలు,” అన్నాడు హాస్కెల్.

“అవునులే.”

మళ్లీ కూత. మళ్లీ ఆమెదే ముందు. అతను మెడ తిప్పి, భుజం ఎగరేసి, ఇంకోసారి నిలబడ్డాడు. ఈసారి అతని చొక్కా మడత పిడికి తట్టుకుంది. నెడ్రా నవ్వు ఆపుకుంది కాని బాగా ఆపుకోలేకపోయింది.

“చాల్లే. నాకు క్లబ్బు మీటింగుంది,” అని అతను విసురుగా వంటింట్లోకి వెళ్లాడు. తూటాల మేగజీను పెట్టిన చప్పుడు, స్లైడు వెనక్కి లాగి వదిలిన చప్పుడు వినిపించాయి. బయటికి వెళ్లేటప్పుడు పిస్తోలు నింపుకుని వెళ్లడం అతనికి చెప్పులు వేసుకోవడంతో సమానం.

“సాధన అయిపోయింది,” అంది నెడ్రా గదిలో ఒక్కతే. తన పిస్తోలును పెట్టెలో పెట్టి మూసింది. క్యాలెండరు దగ్గరికి వెళ్లి గుర్రం భుజం మీది తెల్ల బిళ్ల కింద గోరు దూర్చింది. జిగురు గట్టిగా పట్టుకుంది.

“ఇంకొక్కసారి చూడు, నెడ్రా.”

అతను టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె బిళ్ల వదిలేసి, చూడమన్నాడు కదా అని పక్కకు జరిగింది. చొక్కా లేచింది. చెయ్యి లేచింది. నిజానికి ఎంతో చక్కగా తీశాడు.

గది పగిలినంత మోత మోగింది. ఆ తర్వాత చెవుల్లో సన్నటి కూత తప్ప ఏమీ మిగల్లేదు. గుర్రం భుజంలో, బిళ్ల ఉన్నచోట, నల్లటి కంత. దాని చుట్టూ చెక్క పొడి నెమ్మదిగా రాలుతోంది. నెడ్రా తన చూపుడు వేలి గోరు వంక చూసుకుంది. గోటి కింద జిగురు అంటుకుని ఉంది.

హాస్కెల్ పిస్తోలును ఖాళీ చేసి మంచం మీద పెట్టాడు. అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది, ఆ గోడ అవతల కంచె ఉంది, కంచె అవతల ఐలా ఇల్లు ఉంది.

ఐలా వాళ్ల పొరుగావిడ. భర్త పోయాక ఒంటరిగా, ఎవరినీ లెక్కచెయ్యకుండా బతుకుతున్న ముసలావిడ. వీళ్లు తడి గడ్డిలో పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆమె వెనక వసారాలో, మాంసం దాచుకునే పెద్ద ఫ్రీజరు పక్కన నిలబడి ఉంది. తెల్ల రేకులో గుండ్రటి రంధ్రం. ఆమె చేతిలో కాగితం చుట్టిన జింక మాంసం ముద్ద.

“ఈ జింకను మా తమ్ముడు పోయిన శరత్తులోనే చంపాడు,” అంది ఐలా. “మళ్లీ ఎందుకు చంపారు?”

ఆమె గొంతు వెటకారంగానే ఉంది కాని ముద్దను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. “ఇప్పుడే మూత వేసి లోపలికి వెళ్లాను. స్టవ్ మీద నూనె వేడెక్కుతోందని వెళ్లాను. లేకపోతే ఇక్కడే వంగుని వెతుక్కుంటూ ఉండేదాన్ని. ఎవరు? మీ ఇద్దరిలో ఎవరు?”

నెడ్రా హాస్కెల్ వైపు చూసింది. చెబుతాడని చూసింది. ఆమెకు చెవుల్లో కూత ఆగలేదు, మాట్లాడాల్సింది తను కాదు అన్న స్పృహ ఒక్కటే గట్టిగా ఉంది.

“సాధన చేస్తున్నామండీ,” అన్నాడు హాస్కెల్. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “నెడ్రా నేర్చుకుంటోంది. కొత్త చెయ్యి. క్షమించాలి. రేపే మీకు కొత్త ఫ్రీజరు తెచ్చిపెడతాను.”

ఒక్కొక్క మాటా విడిగా చూస్తే నిజమే. సాధన చేశారు. నెడ్రా నేర్చుకుంటోంది. ఆమెది కొత్త చెయ్యే. వరసన పెట్టడంలోనే ఉంది అతని పనితనం.

ఐలా ముద్దను ఫ్రీజరు మీద పెట్టి, నెడ్రా చెంప మీద చల్లటి అరచెయ్యి ఉంచింది. “భయపడ్డావా అమ్మాయ్? పోనీలే. చెయ్యి జారింది. కానీ ఇలాంటివి నీకెందుకమ్మా? ఇవి అందరికీ అచ్చొచ్చేవి కావు.”

ఆ చెయ్యి తీసేసేలోపు నెడ్రా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. తర్వాత ఆమె ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా, అందులో తన నోరు మూసుకునే ఉంది.

మర్నాటికల్లా ఊరంతా పాకింది. ఐలా నోట్లో నువ్వుగింజ నానదు, అందులో చిల్లుపడిన ఫ్రీజరు అంటే చిన్న వార్త కాదు. హాస్కెల్ కొత్త ఫ్రీజరును ట్రక్కు మీద తెచ్చి దింపుతుంటే వీధివాళ్లు వచ్చి సాయంపట్టి పాతదాని చుట్టూ తిరిగి చూశారు. ఒకడు కంతలో వేలు పెట్టి, “నెడ్రాది మంచి గురే,” అన్నాడు. హాస్కెల్ నవ్వలేదు, కాదనలేదు. తాడు ముడి విప్పే పనిలో ములిగిపోయాడు.

నెడ్రా పనికి వెళ్లింది. పెట్రోలు బంకులో కాఫీ పోసే అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి, “కాల్చకండి, ఊరికే ఇస్తాను,” అంది. అందరూ నవ్వారు, నెడ్రా కూడా నవ్వింది. తెల్ల ట్రక్కు ఈసారి కనిపించలేదు, కానీ అద్దంలోకి చూడటం మానలేదు. ఒర నడుము ఎముకను ఒరుసుకుంటోంది. చొక్కా అంచు సవరించుకుంటుంది, వదిలేస్తుంది, మళ్లీ సవరించుకుంటుంది. పిస్తోలు మీద ఎప్పుడూ ఇంత ధ్యాస ఉండేది కాదు.

వాగు దాటాక రాతి ఇంట్లో ఓరెన్ అనే ముసలాయనకు కాలి పుండు ఉంది, అది నయం కావడానికి నెడ్రా శీతాకాలమంతా కష్టపడింది. ఆయన భార్య ఎప్పుడూ తలుపు తీసి ఉంచి, బిస్కెట్లు వేడిచేస్తూ ఉండేది. ఆ రోజు గుమ్మంలోనే నిలబడింది.

“ఏమీ అనుకోకు నెడ్రా. అది కారులోనే పెట్టి వస్తావా?”

“మీ ఇంటికొచ్చినప్పుడు అది ఎప్పుడూ కారులోనే ఉంటుందండీ. తాళం వేసిన పెట్టెలో. మీ ఇంట్లోకి ఏనాడూ తేలేదు.”

“తేలేదనే అనుకుంటున్నాను. ఊరికే అడిగాను.” ఆమె పక్కకు తప్పుకుంది, కానీ నెడ్రా ఓరెన్ కాలి ముందు మోకాళ్ల మీద కూర్చుని పాత కట్టు విప్పుతున్నంతసేపూ ఆమె నడుము వైపే చూస్తూ ఉంది. నెడ్రాకు తల కొట్టేసినట్టయింది. పుండు తుడిచింది, మందు రాసింది, కొత్త కట్టు మెలిక పడకుండా మడమ చుట్టూ తిప్పింది. అన్నీ చేతులు వాటంతట అవే చేశాయి. చేతికి బుద్ధి లేదు అన్న హాస్కెల్ మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది.

రాత్రి భోజనం దగ్గర ఆమె ఫోర్కు కింద పెట్టింది.

“హాస్కెల్, నువ్వు చెప్పాలి.”

“ఏం చెప్పాలి?”

“ఏం చెప్పాలో నాచేత చెప్పించకు.”

అతను బంగాళాదుంపను చాలా శ్రద్ధగా రెండు ముక్కలు చేశాడు. “చూడు. నువ్వు నేర్చుకునేదానివి. నేర్చుకునేవాళ్లు తప్పుచేస్తే లోకం క్షమిస్తుంది. రెండు వారాలు నవ్వుతారు, మరిచిపోతారు. అదే నేర్పేవాడు చేశాడంటే? శనివారం క్లాసుంది. పదేళ్లుగా నేను నిలబడి చెప్పిన ప్రతి మాటా గాలికి పోతుంది. నీకు పోయేదేముంది?”

“నేను ఆ గోడ దగ్గర ఉన్నాను.”

“నాకు తెలుసు.”

“నా వేలు ఆ బిళ్ల మీద ఉంది.”

“తెలుసు అన్నాను కదా.” అతను కత్తి కింద పెట్టాడు. “కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. ఇక చాలు. నన్ను తిననివ్వు.”

అతను తినలేదు. ప్లేటు అలాగే వదిలి వెళ్లి టీవీ పెట్టాడు. అతనికి బాధ లేదని నెడ్రా అనుకోలేదు. బాధంతా తను దాచుకుని, సిగ్గు మాత్రం ఆమెకు వదిలేశాడు. అదే ఆమెకు సహించరానిదైంది.

శుక్రవారానికి నేలమాళిగ ఆరింది. హాస్కెల్ ఇంట్లో లేని సమయం చూసి ఆమె కిందికి దిగింది. తూటాలు పైన వంటింటి సొరుగులో పెట్టి వచ్చింది. పిస్తోలు తెరిచి చూసింది, వేలితో తడిమింది, మళ్లీ చూసింది, మళ్లీ తడిమింది. సిమెంటు గోడకు కాగితం అంటించింది. చొక్కా అంచు పట్టుకుంది. పట్టుకోగానే చెవుల్లో మోత. వదిలేసింది. అటూ ఇటూ నడిచింది. మళ్లీ పట్టుకుంది. పిడి దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇది పోగొట్టుకుంటానా అనుకుంది. కంకర రోడ్డు మీద తెల్ల ట్రక్కు ఆగినప్పుడు తనకు మిగిలిన ఒక్క ధైర్యం ఇది. దాన్ని కూడా ఈ మనిషి తన పరువు కోసం వాడేసుకున్నాడు. కోపం వచ్చాక చెయ్యి కదిలింది. మెల్లగా తీసింది, మెల్లగా పెట్టింది. తీయడానికి ఎంత తొందరున్నా పెట్టేటప్పుడు తొందరపడవద్దని హాస్కెల్ చెప్పేవాడు, ఒర నోట్లో గుడ్డ లేదని చూసుకుని మరీ పెట్టమనేవాడు. చెప్పిందంతా మంచే చెప్పాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఇంకాసేపు చేసింది. చివరికి కాగితం పీకి నలిపి, “సాధన అయిపోయింది” అని గోడతో గట్టిగా చెప్పింది.

శనివారం ఉదయం క్వారీ మీద మంచు ఇంకా విడవలేదు. రేకుల షెడ్డులో మడత కుర్చీలు వేసి, పెద్ద కెటిల్లో కాఫీ పెట్టారు. క్లబ్బు అధ్యక్షుడు డెల్బర్ట్, హాస్కెల్ చిన్ననాటి స్నేహితుడు, బల్ల మీద చెవులకు పెట్టుకునే మూతలు సర్దుతున్నాడు. బొద్దుగా, ఎప్పుడూ మొహమాటంగా ఉండే మనిషి. నెడ్రాను చూడగానే బల్ల కిందినుంచి ఒక వస్తువు తీసి, ఎవరూ చూడకుండా అందించబోయాడు. కానీ అది చూడకుండా ఉండగలిగే రంగు కాదు. పూర్తిగా ప్లాస్టిక్కుతో, ముద్దగా పోతపోసిన నీలం పిస్తోలు. అందులో ఏదీ కదలదు, ఏదీ పేలదు. కొత్తగా వచ్చినవాళ్లకు పిడి ఎలా పట్టుకోవాలో చూపించే బొమ్మ.

“కమిటీవాళ్లు అన్నారు నెడ్రా. నేను కాదు,” అన్నాడు డెల్బర్ట్. “ఈ ఒక్కసారికీ నువ్వు దీంతో, కాల్చేవాళ్లు నిలబడే గీతకు ఆ చివర నిలబడు. మనవాళ్లకు ఇన్సూరెన్సు గొడవలుంటాయి కదా. వచ్చే నెల మామూలే.”

“హాస్కెల్ ఒప్పుకున్నాడా?”

డెల్బర్ట్ చెవుల మూతలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. “మీటింగులో ఉన్నాడు మరి.”

నెడ్రా నీలం పిస్తోలు తీసుకుని వెనక వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో మెకేలా అనే పిల్ల, బస్సు అడ్డా దగ్గరి హోటల్లో వడ్డించే అమ్మాయి. వదిలేసిన మొగుడు రోజూ హోటలు ఎదుట కారు ఆపుకుని కూర్చుంటున్నాడు. కోర్టు దూరంగా ఉండమంది, అతను వీధి అవతల ఉంటున్నాడు. ఆ పిల్ల గోళ్లన్నీ కొరికేసి ఉన్నాయి. అద్దెకు తీసుకున్న ఒరను ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో నిలకడగా కూర్చోలేక కదులుతోంది.

హాస్కెల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నడుముకు పిస్తోలు. నియమాలు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎప్పటిలాగే బాగా చెప్పాడు. “సాధన అయిపోయింది” అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతిని దాటేస్తే బాగుండదనుకున్నాడో, దాన్ని కూడా తన పాఠంలో కలిపేసుకుంటే ఇక దానికి కోరలుండవనుకున్నాడో.

“మీలో చాలామంది వినే ఉంటారు,” అన్నాడు. “మొన్న మా ఇంట్లోనే ఒక తూటా పేలింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. తడబాటు, కొత్త చెయ్యి, కాస్త బెదురు. అందుకే చెబుతున్నాను, తొందర వద్దు. మీకు సిద్ధంగా లేననిపిస్తే సిగ్గుపడకండి. ఆగండి.”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నీలం పిస్తోలు చూశాయి. కొందరు జాలిగా నవ్వారు. అవి మంచి మొహాలే, అదే బాధ.

మెకేలా ఒరను కుర్చీ మీద పెట్టి లేచింది. “నేను వెళ్తానండీ,” అంది నెడ్రాతో గొంతు తగ్గించి. “అంతటి సారు భార్య, రోజూ ఇంట్లో నేర్చుకునే మీకే ఇలా అయిందంటే, నాలాంటిదానికి ఏం వస్తుంది? బెదురు అంటే నాకంటే ఎవరికుంది? ఇంట్లో మా చెల్లెలి పిల్లలున్నారు. నావల్ల కాదు.”

“కూర్చో,” అంది నెడ్రా.

“కాదండీ, నిజంగా—”

“ఒక్క నిమిషం కూర్చో. తర్వాత నీ ఇష్టం.”

నెడ్రా లేచింది. నీలం పిస్తోలు చేతిలో ఉంది. కుర్చీల మధ్యనుంచి ముందుకు నడిచింది.

“హాస్కెల్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు,” అంది. “కాని ఎలా జరిగిందో చెప్పకపోతే మీకు పాఠం అందదు. నా దగ్గర ఎలాగూ బొమ్మ పిస్తోలుంది. చూపిస్తాను.”

“నెడ్రా,” అన్నాడు హాస్కెల్ మెల్లగా.

“రెండు నిమిషాలు.”

ఆమె షెడ్డు గోడ మీది మంటలార్పే డబ్బా వైపు వేలు చూపింది. “అది క్యాలెండరు. ఒక గుర్రం బొమ్మ, దాని మీద తెల్ల బిళ్ల. చెక్క గోడ. నేలమాళిగలోకి నీళ్లొచ్చాయని ఈ ఒక్క పూటకే అనుకున్నాం. మొదటి తప్పు అది, అందులో ఇద్దరిదీ వాటా ఉంది.” నీలం పిస్తోలును ఒరలో పెట్టుకుంది. “ఖాళీ పిస్తోలుతోనే చేశాం. అంతా సవ్యంగా జరిగింది. ‘సాధన అయిపోయింది’ అని పైకి అనడం కూడా జరిగింది. ఇక బయటికి వెళ్లాలి.”

ఆమె గుమ్మం దాకా నడిచింది. నడుస్తూ మేగజీను దూర్చినట్టు, స్లైడు లాగి వదిలినట్టు చేసింది. చేతులు ఖాళీగాలిలో ఆ పని ఎంత నిజంగా చేశాయంటే, ముందు వరసలో ఒకతను తల పక్కకు తప్పించుకున్నాడు. మేకుకు తగిలించిన ఎవరిదో టోపీ తీసి ఆమె తలమీద పెట్టుకుంది. అది పెద్దదై కనుబొమల దాకా దిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

“మనసులో ఒక చికాకు ఉంది. ఇందాక బాగా రాలేదని. నేను ఇంతకంటే బాగా తీయగలనని. అన్నీ అయిపోయాయి, అయినా చెయ్యి ఊరుకోదు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరుగుతుంది.” ఆమె తిరిగింది. ఎడమ చేత్తో చొక్కా అంచు పట్టుకుంది. అప్పుడు, గొంతు మార్చకుండా, అతను అన్నట్టే అంది.

“ఇంకొక్కసారి చూడు, నెడ్రా.”

చొక్కా లేచింది, చెయ్యి లేచింది, నీలం పిస్తోలు గోడమీది డబ్బాకు ఎదురుగా నిలబడింది. ఆ మాట షెడ్డంతా తిరిగి ఒక్కొక్కరికి అందడానికి కొంతసేపు పట్టింది. ముందుగా అందింది డెల్బర్టుకు. అతను చేతిలో మూతల జత పట్టుకుని, చిన్ననాటినుంచి ఎరిగిన మనిషి వైపు తల తిప్పి చూశాడు.

నెడ్రా పిస్తోలు దించి, గోడ దగ్గరికి వెళ్లి, డబ్బా మీద చూపుడు వేలు ఆనించింది.

“నేను ఇక్కడున్నాను,” అంది. “బిళ్ల పీకుతున్నాను. చూడు అన్నాడు కాబట్టి జరిగాను. లేకపోతే జరిగేదాన్ని కాదు.” మెకేలా వైపు చూసింది. “ఈ తప్పు బెదురువల్ల రాదమ్మా. బెదిరినవాళ్లు రెండుసార్లు తడిమి చూసుకుంటారు. నువ్వు చూసుకుంటావు.”

ఆమె టోపీని మేకుకు తగిలించింది.

హాస్కెల్ అక్కడే నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి అంటాడని, నవ్వేసి దాటేస్తాడని నెడ్రా ఎదురుచూసింది. అలా చేస్తే తను ఒక్కతే ఇంటికి ఎలా వెళ్లాలో కూడా ఆలోచించుకుంది. అతను క్లాసు వైపు వీపు తిప్పి, షెడ్డు వెనక తూటాలను ఆపే మట్టికట్టకు ఎదురుగా నిలబడి, ఒరలోంచి పిస్తోలు తీశాడు. మేగజీను దించాడు, స్లైడు వెనక్కి లాగి ఆపాడు, చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమాడు. తెరిచిన పిస్తోలును డెల్బర్ట్ ముందు పట్టుకున్నాడు.

“చూడరా,” అన్నాడు.

డెల్బర్ట్ చూశాడు. “ఖాళీ,” అన్నాడు. “ఒరేయ్ హాస్కెల్, నువ్వు—”

“నేనే. మేగజీను పెట్టింది నేను, ట్రిగ్గర్ లాగింది నేను. ఆవిడ ‘సాధన అయిపోయింది’ అనడం వంటింట్లోకి నాకు వినిపించింది కూడా.” క్లాసు వైపు తిరిగాడు. “ఈవేళ మీకు డెల్బర్ట్ చెబుతాడు. నాకంటే నెమ్మదిగా చెబుతాడు, అదే మంచిది.”

తన పిస్తోలును, మేగజీనును బల్ల మీద విడివిడిగా పెట్టి నెడ్రా దగ్గరికి వచ్చాడు. ఆమె కళ్లలోకి చూడలేదు. చెయ్యి చాపాడు.

“దాన్ని ఇలా ఇయ్యి.”

ఆమె నీలం పిస్తోలు అతని చేతిలో పెట్టింది. అది తీసుకుని అతను షెడ్డు దాటి, తడి కంకర మీదుగా, గీతకు ఆ చివరికి నడిచి వెళ్లి నిలబడ్డాడు. ఆ కొసన కొత్తవాళ్లను నిలబెట్టే చోటు అతనే ఎప్పుడో సున్నంతో గీసిపెట్టాడు.

అందరూ నెమ్మదిగా లేచారు, కుర్చీలు చప్పుడు చేశాయి. ఎవరూ హాస్కెల్ వైపు నేరుగా చూడలేదు, ఎవరూ జోకు వెయ్యలేదు. డెల్బర్ట్ నెడ్రా పిస్తోలు పెట్టెను తెచ్చి ఆమె ముందు పెట్టి, కమిటీ మాట తను చూసుకుంటానని గొణిగాడు. మెకేలా ఒర తగిలించుకుంటూ, బెల్టు ఏ కన్నంలో పెట్టాలో తెలియక తికమకపడుతుంటే నెడ్రా వంగి సరిచేసింది.

ముందు ఉత్త సాధన. అందరూ ఖాళీ పిస్తోళ్లతో మట్టికట్టకు ఎదురుగా వరసగా నిలబడ్డారు. డెల్బర్ట్ తడబడుతూ, మధ్యలో దగ్గుతూ, ఒక్కొక్క నియమం చెప్పించాడు. చొక్కాలు లేచాయి, టిక్కు టిక్కుమని చప్పుళ్లు వరస వెంట నడిచాయి. చివరన మాత్రం చప్పుడు లేదు, నీలం పిస్తోలుకు ట్రిగ్గర్ కదలదు. అయినా అక్కడ ఒక చొక్కా మిగతావాటితో పాటే లేస్తోంది, దిగుతోంది. నెడ్రా అటు చూడనని అనుకుంది, ఒకసారి చూసింది. అతను మడత ఇరుక్కోకుండా అంచును ఛాతీ దాకా గుంజుతున్నాడు.

“ఇక చాలు,” అన్నాడు డెల్బర్ట్. “ఒరల్లో పెట్టండి. మెల్లగా. పెట్టాక అందరూ పైకి అనండి.”

“సాధన అయిపోయింది,” అంది మెకేలా అందరికంటే ముందు, అవసరమైనదానికంటే గట్టిగా. వరసంతా అంది. నెడ్రా అంది.

అంతా అయ్యాక, ఆ చివరనుంచి ఒక గొంతు ఆలస్యంగా వినిపించింది. మామూలుగా క్వారీ అంతా మోగే గొంతది. ఈసారి పక్కమనిషికి వినిపించేంతే వచ్చింది.

“వినపడలేదు, హాస్కెల్,” అంది నెడ్రా.

అతను తల ఎత్తి ఆమె వైపు చూశాడు. తూటా పేలిన రోజు తర్వాత నేరుగా చూడడం అదే. గొంతు సవరించుకుని, మళ్లీ అన్నాడు.